కైఫియత్తుల కూర్పు, పర్యవేక్షణము: అహోబిలము ఆధారముగా ఒక పరిశీలనము

నల్లమల కొండలలో, నేటి నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డకు తూర్పున నున్న అహోబిలము చరిత్రకారునకు మూడు విధములైన ఆధారముల నొసగుచున్నది. మొదటివి శిలాశాసనములు. రెండవది ఆలయమునందును మఠమునందును వాడుకలోనున్న స్థలపురాణము. మూడవది పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున కాగితముపై కెక్కిన అహోబిల కైఫియత్తు. ఈ మూడింటిలో మొదటివానిని శాసనపరిశోధకులును, రెండవదానిని భక్తులును ఆదరించిరి. మూడవది మాత్రము ఇరువురకును పరాయిదయ్యెను. శాసనపరిశోధకుడు దానిని పుక్కిటిపురాణమని త్రోసివేయును. భక్తుడు అందలి సంగతులు తనకు ముందే తెలిసినవని దానిని చదువడు.

ఈ వ్యాసమున కైఫియత్తులోని సంగతుల సత్యాసత్యములకంటె, అట్టి పత్రము పుట్టుటకు వెనుక నడచిన పనిని పరిశీలింప నుద్దేశించితిని. ఎవరు ప్రశ్నించిరి, ఎవరు చెప్పిరి, ఎవరు వ్రాసిరి, వ్రాసినదానిని ఎవరు సరిచూచిరి, చెల్లాచెదరు కాకుండ ఎవరు కాపాడిరి అనునవి ఇచటి ప్రశ్నలు. వందలకొలది గ్రామములనుండి అనేకుల చేతులమీదుగా వచ్చిన వివరములను ఒక్క క్రమమునకు తెచ్చుట సామాన్యమైన పని కాదు. నేడు విశ్వవిద్యాలయముల పరిశోధనపత్రికలను అంతర్జాలమున ప్రచురించుటకు ఎల్లరకును తెరచియుంచిన సాఫ్ట్‌వేరులు వచ్చినవి. వానికి వలయు వివరణగ్రంథములను దేశదేశములవారు కలసి వ్రాయుచున్నారు. ఆ పద్ధతి ఈ కాలమున పుట్టిన క్రొత్తదని పలువురి తలంపు. అది నాకు సరియని తోచదు. దత్తమండలములలో రెండువందల యేండ్లకు పూర్వమే దానివంటిది నడచినది. దాని మేలును కీడును గూడ మనకు కనబడునంత స్పష్టముగ నడచినది.

కైఫియత్తు అను మాట అరబ్బీనుండి పారసీకముద్వారా మన దఫ్తరములకు వచ్చినది. స్థితి, వివరము అని దాని యర్థము. అహోబిల కైఫియత్తులో మిక్కిలి ప్రసిద్ధమైనది ప్రతాపరుద్రుని కథ. కాకతీయ ప్రతాపరుద్రుడు అహోబిలమునకు ఉత్తరముననున్న రుద్రవరమున విడిసియుండగా, నిత్యార్చనకై బంగారముతో శివప్రతిమను పోతపోయింప బూనెననియు, పోసినపుడు అది నరసింహాకృతిగా వచ్చెననియు, పిమ్మట ఆ ప్రతిమ మఠాధిపతియగు జీయరుగారికి చేరెననియు ఆ కథ. ప్రతాపరుద్రుడు రాజ్యమేలినది 1289 మొదలు 1323 వరకు. మఠసంప్రదాయము ననుసరించి ప్రథమపీఠాధిపతియైన ఆదివణ్ శఠగోపయతి సన్న్యసించి పీఠమును స్థాపించినది 1398లో. నడుమ డెబ్బదియైదేండ్ల యంతరము కలదు. రాజును యతియు నొకరి నొకరు చూచియుండుట పొసగదు.

శాసనముల మాట వేరు. కృష్ణదేవరాయలు కళింగదండయాత్రాసందర్భమున 1515-16లో అహోబిలమును దర్శించి కంఠహారమును, రత్నకంకణములను, బంగారుపళ్ళెమును, వేయి వరహాలను స్వామికి సమర్పించినట్లు శాసనము కలదు. శా. 1506, అనగా 1584-85 నాటి మరియొక శాసనము ఇంకను విలువగలది. గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా సేనలు హండె నాయకుల తోడ్పాటుతో ఆ ప్రదేశము నాక్రమించి కొన్నియేండ్లు నిలుపుకొనుటయు, జీయరుగారి ప్రార్థనముపై శ్రీరంగరాయల కాలమున కొండరాజు వేంకటరాజు దానిని మరల గైకొనుటయు అందు తెలుపబడినవి. జరిగిన సంగతిని జరిగిన తరమునందే రాతిపై నెక్కించిన సాక్ష్యమిది. ఇట్టి సాక్ష్యము ప్రక్కను నిలిపినపుడు బంగారుప్రతిమ కథ వెలవెలబోవుట సహజము.

అయినను కైఫియత్తును ఆ విధముగ శాసనముతో తూచుట న్యాయము కాదని నా యభిప్రాయము. శాసనము ఒక దాత తన కార్యమును తానే చెప్పుకొన్నది. కైఫియత్తు ఒక ప్రశ్నకు స్థానికులిచ్చిన సమాధానము. గుమాస్తా అహోబిలమునకు పోయి అడిగినది 1323లో నేమి జరిగెనని కాదు. మీ స్థలమును గూర్చి మీకు తెలిసినదేమని. అతడు విన్నది వ్రాసెను. ప్రతాపరుద్రునకును జీయరునకును కాలము కుదురదని గ్రహించి కథను దిద్దియున్నచో, 1810 ప్రాంతమున అహోబిలమువారు కాకతీయరాజును తమ మఠచరిత్రతో ఎట్లు ముడివేసికొనిరో మనకు తెలియకపోయెడిది. దిద్దకపోవుట అజ్ఞానమువలన గాక, ఆ పనికి ముందే యేర్పరచుకొన్న నియమమువలన నైనదని తలచుటకు ఆధారములు కలవు. అందుకై ఆ పనిని నడపినవారి యొద్దకు పోవలయును.

కర్నల్ కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపమున పుట్టి, 1783లో ఇండియాకు వచ్చిన సైనికోద్యోగి. శ్రీరంగపట్టణము పడిపోయిన 1799 తరువాత మైసూరు సర్వే అతనికి అప్పగింపబడెను. భూమిని కొలుచుటతోపాటు ఆ భూమి చరిత్రను గూడ సేకరింపవలయునని అతడు సంకల్పించెను. 1800లో నిజాము కడప, బళ్ళారి మొదలగు ప్రదేశములను కుంఫిణీవారికి దత్తము చేయగా, ఆ దత్తమండలములకును ఈ సేకరణము 1809 ప్రాంతమునుండి విస్తరించినది. ఇంతవరకు అందరు నెరిగినదే. ఎరుగవలసిన సంగతి మరియొకటి కలదు. మెకంజీకి దేశభాషలు రావు. 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు వ్రాసిన లేఖలో అతడే దాని నొప్పుకొని, హిందూవిజ్ఞానద్వారమున తనను ప్రవేశపెట్టినవాడు కావలి వేంకట బొర్రయ్య యని కృతజ్ఞతతో చెప్పినాడు.

ఏలూరివారైన కావలి సోదరులలో బొర్రయ్య ఈ పనికి బాటవేసినవాడు. ఏ గ్రామమున నెవరి నడుగవలెను, దేవాలయమున నెవరితో మాటలాడవలెను, పాతలిపి శాసనమును ఎట్లు ప్రతి తీయవలెను అను విషయములలో అతడే సహాయులను తీర్చిదిద్దెను. అతడు 1803లో చిన్నవయసుననే మరణించెను. పిమ్మట అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. మరియొక సోదరుడు రామస్వామి దక్కను కవుల జీవితములను ఇంగ్లీషున వ్రాసి 1829లో కలకత్తాలో ప్రకటించెను. లక్ష్మయ్య క్రింద తెలుగు, కన్నడము, తమిళము, మరాఠీ, సంస్కృతము నెరిగిన గుమాస్తాలు వేరువేరు సీమలలో తిరుగుచుండిరి. వారి చేతికి ముందుగనే ప్రశ్నల జాబితా యియ్యబడెను. గ్రామమునకు పేరెట్లు వచ్చినది, ఎవరు కట్టించిరి, ఏ రాజుల యేలుబడిలో నుండినది, దేవాలయములును అగ్రహారములును ఎవరిచ్చినవి, శాసనము లెచట నున్నవి, పొలిమేర లేవి అని అడుగుట. కర్నూలు, కడప సీమల కైఫియత్తులను వరుసగా చదువువారికి ఈ ప్రశ్నల చట్రము పంక్తుల వెనుకనుండి కనబడుచునే యుండును. సమాధానము లెన్ని విధములైనను ప్రశ్న యొక్కటియే యగుటవలన ఒక గ్రామమును మరియొకదానితో పోల్చుటకు వీలైనది. ఈ సేకరణమునకు గల విలువలో సగము ఆ చట్రమునదే.

సమాధానము చెప్పినవారిలో ముఖ్యులు కరణములు. వారియొద్ద తరతరములుగా దండకవిలె లుండెడివి. గ్రామసంబంధమైన లెక్కలు, మాన్యములు, దొరల మార్పులు, కరవులు వానియందు వ్రాసియుంచెడివారు. గుమాస్తా దండకవిలెను చూచి వ్రాసినచోట కైఫియత్తునకు ఎముక యుండును, తేదీలు నిలుచును. కవిలె లేక నోటిమాటపై వ్రాసినచోట పురాణము పెరుగును. దేవస్థానముల కైఫియత్తులలో స్థానాచార్యులు, అర్చకులు చెప్పినది హెచ్చు. మాహాత్మ్యగ్రంథములు చేతికందినచో వానిసారమును చేరును. అహోబిలమునకు బ్రహ్మాండపురాణాంతర్గతమని చెప్పబడు మాహాత్మ్యము కలదు గనుక ఆ కైఫియత్తు ఈ రెండవ తెగకు చెందినది. పరిశోధకుడు మొదట చేయవలసినపని యీ తెగలను వేరుపరచుట. అన్నింటిని కలిపి నమ్ముటయు, అన్నింటిని కలిపి తోసివేయుటయు ఒకే పొరపాటునకు రెండు ముఖములు.

ఇచట మరచిపోరాని యొక సంగతి కలదు. గుమాస్తా చరిత్రకై వచ్చితినని చెప్పినను గ్రామస్థుడు అట్లు వినలేదు. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములలో థామస్ మన్రో భూములు కొలిపించి శిస్తులు కట్టుచుండెను. మాన్యములపై విచారణ జరుగుచుండెను. ఆ వేడి చల్లారకముందే కుంఫిణీ చీటితో మరియొకడు వచ్చి మీ మాన్యము ఎవరిచ్చిరని అడిగినచో కరణమున కేమి తోచును? గుమాస్తాలు పై కచేరికి పంపుకొన్న నివేదికలలో ఈ సంశయము తరచుగా కనబడును. కొందరు కవిలెలు చూపలేదు. కొందరు చూపినను మాన్యమునకు బలము చేకూర్చు పాతరాజు పేరును ముందుకు తెచ్చిరి. కైఫియత్తులలో ప్రతాపరుద్రుడును కృష్ణరాయలును లెక్కకు మించి దానములు చేసినట్లు కనబడుటకు ఇదియు నొక కారణము కావచ్చును. ఈ దృష్టితో అహోబిలపు బంగారుప్రతిమ కథను మరల చదువవలసి యున్నది. ఆ కథ రాజును శైవమునుండి నరసింహుని వైపునకు త్రిప్పుటయే కాక, మఠమునకు కాకతీయులంతటి ప్రాచీనతను గూడ కల్పించుచున్నది. ఆ ప్రాచీనత అవసరమైన కాలమున అది చెప్పబడినది.

ఇక పర్యవేక్షణము. 1811లో మెకంజీ జావా దండయాత్రతో వెడలిపోయెను. మరల మద్రాసున స్థిరముగ నిలిచినది 1815లో. దత్తమండలముల కైఫియత్తులలో పెక్కింటి తేదీలు సరిగా ఈ నడిమి సంవత్సరములకు చేరినవి. యజమాని సముద్రమునకు ఆవల నుండగా కడప, కర్నూలు సీమలలో గుమాస్తాలు గ్రామము వెంట గ్రామము తిరుగుచునే యుండిరి. పత్రములు మద్రాసు చేరుచునే యుండెను. దీనినిబట్టి ఈ కార్యమునకు కేంద్రము మెకంజీ వ్యక్తి కాదని స్పష్టమగుచున్నది. ప్రశ్నల జాబితా, నివేదికలు పంపు నియమము, వచ్చిన పత్రములను వర్గీకరించు లక్ష్మయ్య - ఈ మూడును కలసి పనిని నడపినవి. సంగ్రహమునకు మెకంజీ పేరు నిలిచినది. అందులో అన్యాయ మేమియు లేదు. సొమ్ము అతనిది, సంకల్ప మతనిది. కాని పనిని నిలిపినది పేరు కాదు.

మెకంజీ 1815లో ఇండియాకంతకు సర్వేయర్ జనరల్ అయ్యెను, 1817లో కలకత్తాకు మారెను, 1821 మే 8న మరణించెను. సంగ్రహమును కుంఫిణీవారు పదివేల పౌనులకు అతని భార్యయొద్ద కొనిరి. విల్సను పండితుడు 1828లో ప్రకటించిన సూచిక ననుసరించి అందు 1,568 గ్రంథప్రతులు, 2,070 స్థానికచరిత్రలు, 8,076 శాసనప్రతులు, 6,218 నాణెములు, 2,630 చిత్రములు ఉండెను. సంఖ్యలు గొప్పవే. అయితే విల్సనునకు దక్షిణదేశభాషలు తెలియవు. సహాయకులు ఇంగ్లీషున వ్రాసియిచ్చిన సారాంశములపై ఆధారపడి అతడు సూచికను కూర్చెను. ఆ వెనుక సంగ్రహము ముక్కలయ్యెను. కొంత లండనునకు పోయెను, కొంత కలకత్తాలో నిలిచెను, దక్షిణభాషల పత్రములు మద్రాసు కళాశాల గ్రంథాలయమునకు వచ్చెను. కూర్చినవారి క్రమము ఆ ప్రయాణములలో చెడినది.

లక్ష్మయ్య చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మద్రాసులో 1833 ప్రాంతమున హిందూసాహిత్యసమాజమును స్థాపించెను. నిలిచిపోయిన పరిశోధనమును కొనసాగించుటకు తన కవకాశ మీయవలసినదిగా ప్రభుత్వమును కోరెను. ఆ విన్నపము అభిప్రాయార్థము కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి పోయెను. 1836లో ఆ సంఘము పక్షమున జేమ్స్ ప్రిన్సెప్ ఇచ్చిన సమాధానము ప్రసిద్ధము. లక్ష్మయ్య సహాయకుడుగా నుపయోగపడవచ్చును గాని, ఇట్టి కార్యమునకు అధికారిగా నుండుటకు అతని విద్య చాలదని దాని సారాంశము. ప్రిన్సెప్ సామాన్యుడు కాడు. ఆ మరుసటి సంవత్సరమే అశోకుని బ్రాహ్మీలిపిని సంపూర్ణముగ చదివిన మేధావి. అంతటివాడు ఇంత పొరపాటు చేయుట చూడగా ఆ కాలపు అహంకార మెట్టిదో తెలియును. ముప్పదియేండ్లకు పైగా ఆ పనిలో మునిగి, ఏ పత్రము ఏ గ్రామమునుండి ఎవరిద్వారా వచ్చినదో నోటిమీద చెప్పగలవాడు అప్పటికి లక్ష్మయ్య యొక్కడే. అతని నెరుకను కాగితమున కెక్కించుకొను అవకాశము అచటితో పోయినది. పని విలియం టెయిలరు అను మతాచార్యుని చేతికి వచ్చెను. అతడు చీకిపోవుచున్న పత్రములను కొన్నింటిని తిరిగి వ్రాయించి, వివరణసూచికలను ప్రకటించెను. దానిని తక్కువచేయరాదు. కాని పత్రములకు ప్రాణమైన సందర్భజ్ఞానము టెయిలరునకు లేదు.

కడప మాట ఇప్పుడు చెప్పవలయును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో ఉద్యోగియై కడపకు వచ్చెను. 1826లో మరల అచటికి వచ్చి, తోటతో కూడిన బంగళాను కొని, పండితులకును లేఖకులకును అచటనే వసతి కల్పించెను. ప్రజలు దానిని బ్రౌను కాలేజి యనిరి. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనికి పెత్తనదారుగా నుండెను. బ్రౌను ఇతరస్థలములకు బదిలీయైనను కడపలో పని సాగుచునే యుండెను. మెకంజీ జావాలో నుండగా నడచిన కార్యమువంటిదే యిదియు. బ్రౌను తన జీతమును వెచ్చించి, అది చాలక అప్పులుచేసి వారికి వేతనము లిచ్చుచుండెను.

అతని పరిష్కరణపద్ధతి తెలుగువారు నేర్చుకొనదగినది. ఒక కావ్యమునకు దొరకినన్ని తాటాకుప్రతులను తెప్పించుట. ఒక శుద్ధప్రతిని కాగితముపై వ్రాయించి ఒక పుట విడిచి ఒక పుట ఖాళీగా నుంచుట. పద్యములకు సంఖ్యలు వేయుట. పిమ్మట తెలుగు, సంస్కృతము, వ్యాకరణము నెరిగిన పండితులను కూర్చుండబెట్టి ఒక్కొక పద్యమునకు పాఠాంతరములను చదివించి, వాదము జరుగనిచ్చి, నిర్ణయమును ఖాళీపుటలో ఎక్కించుట. ఆ ఖాళీపుటయే నాకు అన్నింటికంటె గొప్పగా తోచును. నిర్ణయముతోపాటు నిర్ణయమునకు దారితీసిన తగవును గూడ అది నిలుపుచున్నది. 1829లో వేమన పద్యములును, 1851లో జూలూరి అప్పయ్య పండితుని వ్యాఖ్యానముతో మనుచరిత్రమును, 1852లో నిఘంటువును ఇట్టి సమష్టికృషినుండియే వెలువడినవి.

1840 తరువాత మద్రాసున నున్నపుడు బ్రౌను మెకంజీ తెలుగు పత్రముల స్థితిని చూచి, లేఖకులను పెట్టి కైఫియత్తులను వరుససంపుటములుగా తిరిగి వ్రాయించెను. నేడు మద్రాసు ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమున లోకల్ రికార్డులని పిలువబడునవి అవియే. మూలపత్రములు శిథిలమైనచోట్ల ఈ ప్రతులే మనకు గతి. ఇందుకు బ్రౌనునకు ఎంత నమస్కరించినను తక్కువే. అయినను ఒక లోపమును చెప్పక తప్పదు. కావ్యములకు వాడిన ఖాళీపుట ఈ కైఫియత్తులకు లేదు. లేఖకుడు చదువలేక విడిచినదేదో, పోల్చుకొని మార్చినదేదో తెలిసికొనుటకు వీలు లేదు. పారసీకపదములును ఊరిపేర్లును ఈ ప్రతులలో తారుమారైనచోట్లు కలవు. వ్యావహారికమునకు దగ్గరగానున్న ఆ వచనమును భాషాచరిత్రకు ఆధారముగా తీసికొనువారు ఈ సంగతిని మరువరాదు. అసమాపకక్రియలతో పుట దాటిపోవు వాక్యము, సనదు, అమలు, జాగీరు, బందోబస్తు మొదలగు మాటలు 1810 నాటి కరణపుభాష కావచ్చును. కాని ఒక్కొక వర్ణక్రమము 1840 నాటి మద్రాసు లేఖకునిది గూడ కావచ్చును. తెలుగు వచనపరిణామమును గూర్చి వ్రాయువారు కైఫియత్తులనుండి ఉదాహరణములు విరివిగా తీసికొనుచు, ఏ ప్రతినుండి తీసికొనిరో చెప్పకపోవుట నాకు చాలకాలమునుండి నొప్పి కలిగించుచున్నది.

మొదట సూచించిన నేటికాలపు కృషి యిచట మనకు వెలుగు చూపును. 1998లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున జాన్ విలిన్‌స్కీ ప్రారంభించిన పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్టు, ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అను ప్రచురణ సాఫ్ట్‌వేరును నిర్మించి ఎల్లరకును ఉచితముగ నిచ్చినది. అనేకదేశముల విశ్వవిద్యాలయపత్రికలు దానితో నడచుచున్నవి. దాని నిర్మాణమునకు ఎంత పని కలదో, దానిని వాడుట యెట్లో బోధించు పత్రముల కూర్పునకును ఇంచుమించుగ నంత పని కలదు. సంపాదకుడు చేయవలసినదేమి, సమీక్షకుడు చేయవలసినదేమి అని ప్రకరణములుగా విభజించి, పలువురు వ్రాసి, పలువురు అనువదించి, ఒకరు సమన్వయము చేయవలసియుండును. సాఫ్ట్‌వేరు మారినపుడెల్ల పత్రము పాతబడును. ఒకే పనిముట్టునకు ఒకరొక పేరును మరియొకరు వేరొక పేరును వాడినచో చదువరి తికమకపడును. ఇవన్నియు లక్ష్మయ్య యెరిగిన చిక్కులే. గుమాస్తాల భాషలు వేరు, సీమల కొలతలు వేరు, శకములు వేరు. అయినను ప్రశ్నల జాబితా వానిని కట్టియుంచెను.

నేటివారికి అధికముగా నున్నది ఒక్కటి. ఇట్టి సమష్టిరచనలలో ప్రతి మార్పునకును చేసినవాని పేరు, తేదీ, మార్పునకు ముందున్న పాఠము నిలిచియుండును. తెలుగు వికీసోర్సులో గ్రంథములను ఎక్కించువారి పనిలో దీనిని మనవారు సులభముగ చూడవచ్చును. మూలపుట ఛాయాచిత్రము ఒకవైపు, టైపుచేసిన పాఠము మరియొకవైపు నుండును. దిద్దనిది ఎరుపు, ఒకరు దిద్దినది పసుపు, వేరొకరు మరల సరిచూచినది ఆకుపచ్చ. ఒక్కనికంటికి తప్పును, రెండవకంటికి అది దొరకును అను బ్రౌను విశ్వాసమే యిచట రంగులు పూసికొన్నది. బొర్రయ్య, లక్ష్మయ్యల గుమాస్తాల పేర్లు ప్రతి పత్రమునకును ఇట్లు అంటిపెట్టుకొని యుండినచో, 1836లో ఎవరి విద్య చాలునో ఎవరిది చాలదో అను ప్రశ్నకు పత్రములే బదులు చెప్పియుండెడివి.

కడపలో బ్రౌను బంగళా యుండిన స్థలమున జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవలన బ్రౌను పేర గ్రంథాలయము వెలసినది. 2006 నుండి అది యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన భాషాపరిశోధనకేంద్రముగ నున్నది. కట్టా నరసింహులుగారి సంపాదకత్వమున కడప సీమ కైఫియత్తులు అచటనుండి సంపుటములుగా అచ్చుపడినవి. ఊరూరి కైఫియత్తు ఆ యూరి పాఠశాల ఉపాధ్యాయుని చేతికి అందుట యిదియే మొదలు. దండకవిలెలు చాలవరకు నశించినవి. కరణపు ఉద్యోగమును 1984లో రద్దుచేసిన పిమ్మట ఇండ్లలో నున్న కడితములకు దిక్కులేక పోయినది. కాబట్టి మూలముతో పోల్చుకొను అవకాశము దినదినము తగ్గుచున్నది.

అహోబిలమునకు వచ్చునప్పటికి ఇంకను కొంత ఆశ కలదు. కాగితముపై లేని సాక్ష్యము అచట ఒకటి బ్రతికియున్నది. కనుమనాడు స్వామి పారువేటకు బయలుదేరి నలువది దినములకు పైగా చుట్టుప్రక్కల ముప్పదికి మించిన గ్రామములు తిరిగి బ్రహ్మోత్సవమునకు మరలి వచ్చుట నేటికిని జరుగుచున్నది. ఏ యూరి తరువాత ఏ యూరు, ఏ తెలుపుపై పల్లకి నిలుచును, ఎవరికి ఏ మర్యాద అను విషయములు ఆయా గ్రామముల పెద్దలకు తెలియును. చెంచులక్ష్మి కథ కారణముగా చెంచులకు గల పాత్ర అందు ప్రత్యేకముగ చూడదగినది. ఈ గ్రామములలో కొన్నింటికి కైఫియత్తులు గూడ దొరకవచ్చును. పారువేట వరుసను, ఆ గ్రామముల కైఫియత్తులలోని మాన్యముల వివరమును, అహోబిల శాసనములలోని గ్రామదానములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పరిశోధనము నా యెరుకలో రాలేదు. ఇది ఒక్కని పని కాదు. నలుగురైదుగురు విద్యార్థులు ఊళ్ళను పంచుకొని, ఒకే ప్రశ్నల జాబితాతో పోవలయును.

ఆ జాబితాను లక్ష్మయ్య నాటిదానినుండియే తీసికొనవచ్చును. రెండు పంక్తులు మాత్రము క్రొత్తగా చేర్చవలయును: ఈ సంగతి ఎవరు చెప్పిరి, ఏ దినమున చెప్పిరి అని. వ్రాసికొను పుస్తకమున ఎడమపుటను ఖాళీగా విడువవలయును. అహోబిల కైఫియత్తునకు మద్రాసులోని ప్రతి, అచ్చుప్రతి, శాసనముల పాఠము అను మూడింటిని తులనముచేసి ఆ ఖాళీపుటలలో భేదములను గుర్తించుటతో ఆ పనిని ప్రారంభింపవచ్చును.